స్కూలు క్యాంటీన్‌లో పిల్లలు సరిగ్గా తినాలంటే: ముందు గడియారం, తర్వాతే ట్రే

"లంచ్ తిన్నావా?" అని అడుగుతాం. "ఆ, తిన్నా" అంటారు. మాట అక్కడితో అయిపోతుంది. కానీ బ్యాగు ఓ మూల పడేసి, షూ కూడా విప్పకుండా ఫ్రిజ్ తలుపు తెరిచి నిలబడ్డారంటే అసలు సంగతి మనకి తెలిసిపోతుంది.

మా అబ్బాయి విషయంలో నేను చాలాకాలం వాడిదే తప్పనుకున్నాను. మొండివాడు, కూరగాయలు ముట్టడు, తిండి దగ్గర పేచీ. ఇలా నాకు నేనే చెప్పుకునేదాన్ని. ఒకసారి తల్లిదండ్రుల కమిటీ తరఫున వాడి స్కూలు క్యాంటీన్‌లో నాలుగు రోజులు ఓ మూల కూర్చుని చూశాను. లంచ్ బ్రేక్ అరగంట. చేతులు కడుక్కోవడానికి ఒక లైను, ట్రే కోసం ఇంకో లైను. వాడు కుర్చీలో కూర్చునేసరికి పదిహేను నిమిషాలు గడిచిపోయాయి. ముందు తీపి పెరుగు కప్పు మూత తీసి నాలుగు చెంచాల్లో ముగించాడు. బీన్స్ వైపు చూడనైనా లేదు. తర్వాత నారింజ పండు చేతిలోకి తీసుకుని గోటితో తొక్క గీరాడు, ఊడలేదు. పళ్లతో కొరికాడు, చేదు తగిలి మొహం చిట్లించాడు. ఇంతలో బయట గ్రౌండ్‌లో అరుపులు వినపడ్డాయి. పండు పండుగానే చెత్తబుట్టలో పడింది, వాడు పరుగెత్తాడు.

నారింజంటే వాడికి ప్రాణం. ఇంట్లో తొనలు ఒలిచి పెడితే రెండు పళ్లు తినేస్తాడు.

ఆరోజు నుంచి నా ఆలోచన మారింది. పిల్లల మనసు మార్చడానికి మనం పడే పాట్లలో సగం, వాళ్లు తినే చోటునీ సమయాన్నీ చక్కబెట్టడం మీద పెడితే ఫలితం తొందరగా కనిపిస్తుంది. కింద రాసినవన్నీ ఆ వరసలోనే ఉంటాయి.

1. మొదటి వారం ఏమీ మార్చకండి, కనుక్కోండి

తిన్నావా లేదా అని అడగడం మానేయండి. అది పిల్లలకి పరీక్షలా వినపడుతుంది, దానికి సరైన జవాబేంటో వాళ్లకి ముందే తెలుసు. దానికి బదులు వాళ్లకి చెప్పాలనిపించేవి అడగండి. "ఇవాళ నీ పక్కన ఎవరు కూర్చున్నారు?" "లైను ఎక్కడిదాకా వచ్చింది?" "చెత్తబుట్టలో అన్నిటికంటే ఎక్కువ ఏం పడింది?" ఈ చివరి ప్రశ్న మాత్రం మరిచిపోకండి. తన సంగతి దాచే పిల్లలు కూడా పక్కవాళ్ల ట్రేల గురించి కథలు కథలుగా చెబుతారు, ఆ కథల మధ్యలో తమ ట్రే సంగతీ బయటపడుతుంది.

వారంలో మీకు తెలియాల్సినవి నాలుగే. కూర్చున్నాక తినడానికి ఎంత టైం మిగులుతోంది? అప్పటికి ఆకలి ఉందా? ముందుగా ఏది తింటున్నారు? వదిలేసినది నచ్చక వదిలేశారా, ఒలవడమో మూత తీయడమో చేతకాక వదిలేశారా? చిన్న తరగతుల పిల్లల్లో ఈ ఆఖరిది మనం ఊహించినదానికంటే ఎక్కువ. గట్టిగా అతికించిన మూత, చిన్న నోట్లో పట్టని పెద్ద ఆపిల్, ఊడిరాని తొక్క. సాయం అడగడానికి సిగ్గుపడి, తినకుండానే పక్కన పెట్టేస్తారు. అలాంటిది కనిపిస్తే ఇంట్లో రెండు పూటలు ఆ మూత తీయడమే ప్రాక్టీస్ చేయించండి. సమస్య అక్కడే తీరిపోవచ్చు.

వీలుంటే స్కూలు అనుమతి తీసుకుని ఒక్కరోజైనా మీ కళ్లతో చూడండి.

2. టైం సంగతి తేల్చండి

పిల్లలు కుర్చీలో కూర్చున్న తర్వాత తినడానికి కనీసం 20 నిమిషాలు ఉండాలని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం, అంటే సీడీసీ, స్కూళ్లకి చెబుతుంది. లైన్లో నిలబడ్డ టైం, చేతులు కడుక్కున్న టైం ఇందులోకి రావు. హార్వర్డ్ పరిశోధకుల అధ్యయనం ఒకటి 2016లో అచ్చయింది. కూర్చుని తినడానికి 20 నిమిషాల కంటే తక్కువ దొరికిన పిల్లలు, 25 నిమిషాలు దొరికిన పిల్లలతో పోలిస్తే ప్రధాన వంటకం 13 శాతం, కూరగాయలు 12 శాతం తక్కువ తిన్నారని అందులో తేలింది.

టైం తక్కువైతే ముందుగా వదిలేసేది కూరగాయల్నే. ఎందుకో ఒకసారి నోట్లో వేసుకుని చూస్తే తెలుస్తుంది. మెత్తటి తీపి పదార్థం నమలకుండానే దిగిపోతుంది. క్యారెట్ ముక్కని ఇరవై సార్లు నమలాలి. పాల పళ్లు ఊడే వయసులో, ముందు పళ్లు రెండూ లేని ఆరేళ్ల పాపకి అది ఎంత పనో ఆలోచించండి.

రెండో సంగతి ఆట. తిన్నాక ఆటకి వదిలితే పిల్లల ధ్యాసంతా గ్రౌండ్ మీదే ఉంటుంది. ముందు ఆడించి తర్వాత తిండికి కూర్చోబెడితే ఆకలీ వేస్తుంది, తొందరా ఉండదు. జోసెఫ్ ప్రైస్, డేవిడ్ జస్ట్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు అమెరికాలోని యూటా రాష్ట్రంలో కొన్ని ప్రైమరీ స్కూళ్లలో ఈ వరస మార్చినప్పుడు ఏం జరిగిందో లెక్కగట్టారు. ఆటని భోజనానికి ముందుకి తెచ్చిన స్కూళ్లలో పిల్లలు తిన్న పండ్లు, కూరగాయలు 54 శాతం పెరిగాయని 2015లో ప్రచురించారు. మెనూలో ఏమీ మార్చలేదు, డబ్బు ఖర్చు పెట్టలేదు. టైంటేబుల్లో రెండు గళ్లు అటూ ఇటూ అయ్యాయి, అంతే. నన్నడిగితే మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే చవకైన పని ఇదే.

స్కూలుతో మాట్లాడేటప్పుడు "పిల్లలు సరిగ్గా తినట్లేదండీ" అని మొదలుపెడితే "ఇంట్లో అలవాటు చేయండి" అనే జవాబు వస్తుంది. లెక్కతో వెళ్లండి. "మూడు రోజులు చూశామండీ, మూడో తరగతి పిల్లలకి కూర్చున్నాక పన్నెండు నిమిషాలే దొరుకుతోంది. చేతులు కడుక్కునే చోట ఇంకో కుళాయి పెట్టినా, రెండు తరగతుల్ని పది నిమిషాల తేడాతో పంపినా సరిపోతుంది." ఇలా చెబితే హెడ్‌మాస్టర్ గారికి మీ మాటలో ఫిర్యాదు వినపడదు, చేయగలిగే పని కనపడుతుంది.

3. ఆకలితో వెళ్లేలా చూడండి

పదకొండు గంటల బ్రేక్‌లో ఒక బిస్కెట్ ప్యాకెట్, ఒక జ్యూస్ డబ్బా ఖాళీ చేసిన పిల్లవాడు పన్నెండున్నరకి కూరగాయల్ని ఎందుకు ముట్టుకుంటాడు? అలాగని బ్రేక్‌లో ఏమీ పెట్టొద్దని కాదు. పొద్దున సరిగ్గా తినని పిల్లలకి అది కావాలి. లంచ్‌కి కనీసం గంటన్నర, రెండు గంటల ముందు, చిన్న పండో గుప్పెడు గింజలో పెట్టండి. తాగడానికి నీళ్లే ఇవ్వండి. అయితే గింజలు పంపేముందు క్లాసులో ఎవరికీ అలర్జీ లేదని స్కూల్లో అడిగి తెలుసుకోండి. ఐదేళ్లలోపు పిల్లలకి పొరపోయే ప్రమాదం ఉంది కాబట్టి అసలే వద్దు.

తీపి పానీయాల గురించి ఒక చిన్న లెక్క. రోజు తిండి నుంచి వచ్చే శక్తిలో విడి చక్కెరల వాటా 10 శాతం లోపు ఉండాలని, 5 శాతం లోపు ఉంటే ఇంకా మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. మనం కలిపే పంచదారే కాదు, తేనె, పళ్లరసంలో ఉన్న తీపి కూడా ఈ విడి చక్కెరల కిందకే వస్తాయి. పండుని పండుగా తింటే మాత్రం లెక్కలోకి రాదు. రోజుకి 1500 కిలోక్యాలరీలు కావాల్సిన పిల్లవాడికి 10 శాతం అంటే 150. గ్రాము చక్కెరకి 4 చొప్పున సుమారు 37 గ్రాములు. 330 మిల్లీలీటర్ల కోలా డబ్బా ఒక్కదాంట్లోనే 35 గ్రాముల వరకూ ఉంటుంది. రోజు కోటా దాదాపు అక్కడితో అయిపోయింది, ఆకలి కూడా చచ్చిపోయింది.

4. మెనూని ముందురోజు రాత్రే ఇంటికి తెచ్చుకోండి

స్కూలు నెల మెనూ ఇస్తే ఫ్రిజ్ మీద అంటించండి. రాత్రి ఐదు నిమిషాలు చాలు. "రేపు క్యాంటీన్‌లో ఏమున్నాయో చూద్దాం రా నాన్నా" అని పిలిచి ఇద్దరూ కలిసి చూడండి. తినాల్సినవి మీరు చెప్పకండి. "క్యారెట్, బీన్స్ రెండూ ఉన్నాయి, ఏది తీసుకుంటావు?" అని అడగండి. తీసుకోవాలా వద్దా అనే మాట ఎత్తకుండా రెండింట్లో ఏదని మాత్రమే అడగడం ఇక్కడి కిటుకు. లైన్లో నిలబడి, వెనక పిల్లలు తోస్తుండగా, రెండు సెకన్లలో తేల్చుకోవాల్సిన దాన్ని పిల్లలు ఇంట్లో తీరిగ్గా తేల్చుకుని వెళతారు.

ట్రే ఎలా ఉండాలో చెప్పడానికి గ్రాములక్కర్లేదు. ఒక పళ్లెం బొమ్మ గీయండి. సగంలో కూరగాయలు, పండ్లు. పావు వంతులో ధాన్యం, వీలైతే పొట్టు తీయనిది. మిగతా పావులో పప్పుధాన్యాలో గుడ్డో చేపో మాంసమో. హార్వర్డ్ ప్రజారోగ్య విభాగం వాళ్ల పళ్లెం బొమ్మలోని భాగాలు ఇవే. గ్రాములు తెలుసుకోవాలనుకునే వాళ్లకి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన లెక్క ఉంది. రోజు మొత్తం మీద పండ్లు, కూరగాయలు కలిపి 2 నుంచి 5 ఏళ్ల పిల్లలకి కనీసం 250 గ్రాములు, 6 నుంచి 9 ఏళ్ల వాళ్లకి 350, పదేళ్లు దాటితే 400. ఇదంతా స్కూలు ట్రేలోనే ఎక్కించాల్సిన పనిలేదు. మూడో వంతు అక్కడ తింటే మిగతాది ఇంట్లో చూసుకోవచ్చు.

బీన్స్, పప్పుధాన్యాలు, ఆకుకూరల్లాంటివి ఉన్నరోజు నారింజలాంటి పుల్లటి పండు కూడా తీసుకోమనండి. అందులోని విటమిన్ సి వల్ల ఆ గింజల్లో, ఆకుల్లో ఉన్న ఇనుము ఒంటికి బాగా పడుతుంది.

5. క్యాంటీన్‌లో ఇచ్చేదాన్ని ఇంట్లో అదే రూపంలో రుచి చూపించండి

రెండేళ్ల నుంచి ఆరేళ్ల దాకా పిల్లలకి కొత్త తిండి అంటే భయం ఎక్కువగా ఉంటుంది. సరిగ్గా స్కూల్లో చేరే వయసు. చేదుని పట్టే నాలుక కూడా వాళ్లలో మనకంటే చురుగ్గా ఉంటుంది. క్యాబేజీ మనకి కమ్మగా ఉందంటే వాళ్లకీ అలాగే ఉందని కాదు. కాబట్టి "అంత బావుంటే తినవేంటి" అని కోప్పడేముందు ఆ సంగతి గుర్తుంచుకోండి.

భయం పోవడానికి మందు ఒకటే, పదేపదే రుచి చూడటం. ఒకసారి పెట్టి, ఉమ్మేశాడని, "వీడికి ఇది పడదు" అని ముద్ర వేసేస్తాం. పరిశోధనలన్నీ కలిపి చూస్తే ఒక కొత్త రుచి అలవాటు కావడానికి ఎనిమిది నుంచి పదిహేను సార్లు పడుతుంది. మూడోసారికే మనం ఆపేస్తున్నాం.

ఇలా చేయండి. ఒక్క కూరగాయ ఎంచుకోండి, క్యాంటీన్‌లో తరచూ వచ్చేది. బఠాణీ గింజంత ముక్క కోయండి, అంతకంటే పెద్దది వద్దు. భోజనానికి ముందు, ఆకలిగా ఉన్నప్పుడు ఒక చిన్న పళ్లెంలో పెట్టి ఇవ్వండి. నచ్చకపోతే పేపర్ నాప్కిన్‌లో ఉమ్మేయొచ్చని ముందే చెప్పండి. ఈ అనుమతి ఉంటే నోట్లో పెట్టుకునే ధైర్యం వస్తుంది. మొదటిరోజు వాసన చూసి వదిలేసినా, నాలుకతో ముట్టుకుని వదిలేసినా సరే. ఆ ముక్క తర్వాత మాట మార్చేయండి, మామూలుగా భోజనం పెట్టండి. ఇలా వరసగా రెండు వారాలు.

స్టిక్కర్ ఇవ్వొచ్చా అని చాలామంది అడుగుతారు. రుచి చూసినందుకు చిన్న స్టిక్కర్ ఇవ్వొచ్చు. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 4 నుంచి 6 ఏళ్ల పిల్లలకి వాళ్లకి ఇష్టంలేని ఒక కూరగాయని పన్నెండు రోజులు రుచి చూపించి, చూసినందుకు స్టిక్కర్ ఇచ్చారు. 2011లో ఆ ఫలితాలు వచ్చాయి. పిల్లలు ఆ కూరగాయని ఎక్కువగా తినడం మొదలుపెట్టారు, మూడు నెలల తర్వాత చూసినా ఆ మార్పు అలాగే ఉంది. కానీ ఐస్‌క్రీమ్ మాత్రం బహుమతిగా పెట్టకండి. ఎందుకో కింద చెబుతాను.

6. మన నోరు అదుపులో పెట్టుకోవాలి

నాకు అన్నిటికంటే కష్టమైన మెట్టు ఇదే.

"బీన్స్ తింటే ఐస్‌క్రీమ్ ఇస్తా" అనగానే పిల్లలకి అర్థమయ్యేది, బీన్స్ కష్టం, ఐస్‌క్రీమ్ దానికి కూలి అని. పిల్లల తిండి అలవాట్ల మీద ఏళ్ల తరబడి పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త లియాన్ బర్చ్ 1984లోనే దీన్ని పరీక్షించి చూశారు. బహుమతి కోసం ఒక పానీయం తాగించిన పిల్లలకి తర్వాత ఆ పానీయం మీదే ఇష్టం తగ్గింది. బలవంతం సంగతీ అంతే. 2006లో వచ్చిన ఒక ప్రయోగంలో చిన్నపిల్లలకి సూప్ ఇచ్చి, కొన్నిసార్లు "సూప్ పూర్తిచెయ్యి" అని మళ్లీ మళ్లీ అన్నారు. అలా అనిపించుకున్నప్పుడు పిల్లలు తక్కువ తాగారు, సూప్‌ని ఎక్కువ తిట్టారు.

"ఆఖరి ముద్ద, నాకోసం" అని బతిమాలడం, "పక్కింటి పాప చూడు ఎంత బుద్ధిగా తింటుందో" అని పోల్చడం, ట్రే ఖాళీ చేస్తేనే లేవాలని ఆంక్ష పెట్టడం. ఇవన్నీ ప్రేమతోనే చేస్తాం. కానీ పళ్లెం ఖాళీ అయిందా లేదా అని చూడటం నేర్చుకున్న పిల్లలు కడుపు చెప్పే మాట వినడం మానేస్తారు.

ఎలిన్ శాటర్ అనే అమెరికన్ డైటీషియన్ ఈ గొడవ తేల్చడానికి పనులు పంచేశారు. ఏం పెట్టాలి, ఎప్పుడు, ఎక్కడ అనేవి పెద్దవాళ్లు చూసుకోవాలి. తినాలా వద్దా, ఎంత తినాలి అనేది పిల్లలకి వదిలేయాలి. చదవడానికి తేలిక. కూరగాయ ముట్టకుండా పిల్లవాడు లేచి వెళుతుంటే నోరు మూసుకుని కూర్చోవడం ఎంత కష్టమో చేసిన వాళ్లకే తెలుసు. నేను బల్ల కింద చేతులు బిగించి కూర్చున్న రోజులున్నాయి. పది రోజులకి బల్ల దగ్గర పేచీ తగ్గింది. మూడు వారాలకి వాడే "ఒక ముక్క వెయ్యి" అన్నాడు.

మరి ఏమనాలి? చూసింది చెప్పండి చాలు. "ఇవాళ క్యారెట్ కొరికి చూశావు." "ఇది కరకరలాడుతోంది కదా." "నీకు కడుపు నిండిందా, ఇంకా చోటుందా?" ఆరోగ్యం, విటమిన్లు, బరువు అని ఉపన్యాసాలివ్వకండి. ముఖ్యంగా పిల్లల ఒంటి గురించి, లావు సన్నం గురించి తిండి దగ్గర ఒక్క మాట కూడా వద్దు. ఆ మాట వాళ్లకి చాలా ఏళ్లు గుర్తుంటుంది.

క్యాంటీన్‌లో చిప్స్, కేకులు కూడా అమ్ముతుంటే పూర్తిగా నిషేధించాలని అనిపిస్తుంది. ఎదురుగా కనపడుతూ చేతికందని దాని మీదే పిల్లల కన్నుంటుందని 1999లో బర్చ్, జెన్నిఫర్ ఫిషర్ కలిసి చేసిన ప్రయోగంలో తేలింది. వారంలో ఒకరోజు అనుకోండి, ఆరోజు ఏం కొనుక్కోవాలో వాళ్లనే తేల్చుకోనివ్వండి, కొనుక్కున్నాక మొహం మాడ్చకండి. ఇంట్లో మాత్రం అవి కళ్లెదురుగా పెట్టకపోతే సరి.

7. స్నేహితుల బలం వాడుకోండి

1980లో బర్చ్ చేసిన పని నాకు చాలా ఇష్టం. ఒక కూరగాయ ఇష్టంలేని పిల్లల్ని ఒక్కొక్కరిగా, అదే ఇష్టంగా తినే ముగ్గురు నలుగురు పిల్లల మధ్య నాలుగు రోజులు భోజనానికి కూర్చోబెట్టారు. ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆ పిల్లలు చాలామంది తమకి ఇష్టంలేనిదే తీసుకోవడం మొదలుపెట్టారు. మనం నెలల తరబడి చెప్పి చేయించలేనిది పక్క కుర్చీలో కూర్చున్న పాప నాలుగు పూటల్లో చేసి చూపిస్తుంది.

మీ పిల్లల స్నేహితుల్లో బాగా తినేవాళ్లెవరో కనుక్కోండి. శనివారం ఇంటికి భోజనానికి పిలవండి. వాళ్ల ముందు "చూశావా, వాడు ఎలా తింటున్నాడో" అనకండి, ఆ మాటతో అంతా చెడిపోతుంది. టీచర్లు పిల్లల పక్కనే కూర్చుని అదే భోజనం తింటే ఇంకా మంచిది. ఎవరైనా పిల్లవాడు ఒంటరిగా కూర్చుంటున్నాడని తెలిస్తే మాత్రం తిండి సంగతి పక్కన పెట్టి ముందు అది చూడండి. దిగులుగా ఉన్న పిల్లలకి ముద్ద దిగదు.

8. క్యాంటీన్ వాళ్లతో చేతులు కలపండి

వంటవాళ్ల దగ్గరికి ఫిర్యాదు పట్టుకుని వెళ్లకండి. వందలమందికి, కొద్దిపాటి బడ్జెట్‌తో, గంట కొట్టే లోపు వండి పెట్టేవాళ్లు వాళ్లు. ఒకరోజు వెళ్లి "మీ వంటల్లో పిల్లలు బాగా తినేదేంటండీ?" అని అడగండి. ఏ ట్రేలో ఏం మిగులుతుందో వాళ్లకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. ఆ తర్వాత, కమిటీ తరఫున, వీటిలో ఒకటో రెండో అడగండి. అన్నీ ఒకేసారి కాదు.

పండ్లు కోసి ఇవ్వడం. నారింజని నాలుగు చెక్కలుగా, ఆపిల్‌ని ముక్కలుగా. కోశాక నల్లబడకుండా కాస్త నిమ్మరసం కలిపిన నీళ్లలో ముంచి తీస్తే చాలు. మా వాడి స్కూల్లో మొదటి మార్పు ఇదే. మొదటి వారం నేనే ఇద్దరు తల్లులతో కలిసి వెళ్లి కోశాను.

కూరగాయలు ముందుగా, విడిగా ఇవ్వడం. తీపి పెరుగు పక్కనుంటే క్యారెట్ ఎప్పుడూ ఓడిపోతుంది. లైన్లో నిలబడి ఆకలితో ఉన్నప్పుడు, ఇంకేదీ చేతిలో లేనప్పుడు, చిన్న కప్పులో నాలుగు ముక్కలిస్తే తినేస్తారు. మిన్నెసోటా విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రైమరీ స్కూలు పిల్లలతో ఇదే చేసి, కూరగాయలు తినడం పెరిగిందని 2015లో చూపించారు.

కొంచెం కొంచెంగా వండటం. పచ్చటి బీన్స్‌ని పదకొండింటికే ఉడికించి మూతపెట్టి వేడి మీద ఉంచితే ఒంటిగంటకి అవి ఎలా ఉంటాయో మీకు తెలుసు. కూరగాయల్లోనే ఉండే ఆమ్లాల వల్ల పత్రహరితంలోని మెగ్నీషియం ఊడిపోయి రంగు మట్టిపచ్చగా మారుతుంది. క్యాబేజీ జాతివైతే గంధకం వాసన మొదలవుతుంది. మొదటి బ్యాచ్ పిల్లలు తిని, చివరి బ్యాచ్ పిల్లలు ముక్కు మూసుకుంటున్నారంటే తప్పు పిల్లలది కాదు. ఒక్కో బ్యాచ్‌కి విడిగా, కరకరలాడేలా ఉడికించి దించమని అడగండి. వండినవి వేడిగా ఉంచాల్సి వస్తే 60 డిగ్రీల సెల్సియస్‌కి పైన, చల్లగా ఉంచాల్సినవి 5 డిగ్రీల లోపు. రెండూ కాకుండా గది వేడిలో రెండు గంటలు దాటి ఉంచకూడదు.

నమూనా ట్రే పెట్టడం. లైను మొదట్లో సరిగ్గా సర్దిన ఒక ట్రే కనపడేలా ఉంచితే పిల్లలు దాన్ని చూసి పెట్టుకుంటారు. 1948 నుంచి బడిపిల్లలందరికీ ఉచితంగా భోజనం పెడుతున్న ఫిన్లండ్‌లో ఈ పద్ధతి మామూలే. జపాన్‌లో ఇంకో అడుగు ముందుకేసి, పిల్లలే వంతులవారీగా తోటిపిల్లలకి వడ్డిస్తారు. తను వడ్డించిన కూరని తనే వదిలేయడం ఏ పిల్లలకైనా కొంచెం కష్టమే.

9. ఇవి పేచీ కాకపోవచ్చు

తిన్న వెంటనే దద్దుర్లు, పెదవులు వాయడం, ఊపిరి ఆడకపోవడం కనిపిస్తే అలర్జీ అయివుండొచ్చు, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. అలర్జీ ఉందని తేలితే స్కూలుకీ క్యాంటీన్‌కీ రాతపూర్వకంగా ఇవ్వండి, నోటిమాట సరిపోదు. బరువు తగ్గుతున్నా, ఎత్తు పెరగడం ఆగినా, మింగడానికి భయపడుతున్నా, ఇంతకుముందు తిన్నవి కూడా ఒక్కొక్కటిగా మానేస్తూ లెక్కపెట్టగలిగినన్ని పదార్థాలే మిగిలినా పిల్లల డాక్టర్‌కి చూపించండి. మలబద్ధకం, పుచ్చిపళ్లు, రక్తహీనత కూడా ఆకలిని చంపేస్తాయి. ఇలాంటివి ఉన్నప్పుడు పై చిట్కాలతో కాలం గడపకండి.

10. రెండు వారాలకోసారి చూసుకోండి

ఏ పూటకాపూట లెక్కేస్తే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. పిల్లలు ఒకరోజు గుప్పెడు తిని మర్నాడు రెండింతలు తింటారు, వారం మొత్తం మీద సర్దుకుంటుంది. క్యాలెండర్లో ప్రతి రెండో ఆదివారం ఒక్క లైను రాయండి. కూర్చుని తినే టైం ఎంతైంది, కొత్తగా ఏది రుచి చూశారు, సాయంత్రం ఫ్రిజ్ దగ్గరికి ఎంత ఆకలితో వస్తున్నారు. ఒకసారికి ఒక్క మార్పే చేయండి, లేకపోతే దేనివల్ల ఏం జరిగిందో తెలియదు. నేనైతే మళ్లీ మొదలుపెట్టాల్సి వస్తే, ముందు పండు కోయించేదాన్ని, తర్వాత ఆట టైం గురించి అడిగేదాన్ని. బీన్స్ సంగతి ఆ తర్వాతే ఎత్తేదాన్ని.